గల్లీ మొత్తానికి ఒక్క బుర్ఖా

నా ఎడమ కనుబొమ్మ పైన వేలెడు పొడుగు మచ్చ ఒకటి ఉంది. మొన్న ఎండాకాలం మా ఊరు సుల్తానాబాద్‌లోనే చుట్టాల లగ్గం. భోజనాలయ్యాక కొందరు మగపిల్లలు నా చుట్టూ చేరి ఆ మచ్చ కథ చెప్పమన్నారు. చెప్పమన్నారే గానీ నన్ను నోరు తెరవనియ్యలేదు. వాళ్లకే అంతా తెలుసు. వాళ్ల కథలో బస్సు అడ్డా దగ్గర పది మంది తురుకోళ్లు నన్ను చుట్టుముడతారు. నేను బెదరను. అందులో ఒకడు సైకిల్ పానాతో నా నుదురు పగలగొడతాడు. మొదట్లో ఆ కథలో ఒక్కడే ఉండేవాడు, పానా ఉండేది కాదు. పద్దెనిమిదేళ్లలో కథ ఏపుగా పెరిగింది. నేను వక్క నములుతూ విన్నాను. ఎప్పుడూ అట్లాగే విన్నాను.

నన్ను ఎవరూ కొట్టలేదు.

ఈ మాట నేను చెప్పవలసింది కరీంనగర్ దవాఖానలో మంచం పట్టి ఉన్న ఒక ఆడమనిషికి. ఆమె అడిగింది కూడా. ఆమె ఇప్పుడు లేదు. కొట్టాడన్న నింద మోసుకుని ఊరు విడిచిపోయిన మనిషి మాత్రం ఉన్నాడు. ఆ నింద తీసెయ్యడానికే ఇది రాస్తున్నాను.

మాది సాలె ఇల్లు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి బాపుది, రెండోది చేతికొచ్చాక నాది. నేను పుట్టిన కొద్ది రోజులకే అవ్వకు జ్వరం తగిలి పాలు ఎండిపోయాయట. మా ఇంటి వెనక గల్లీలో టాంగా తోలే ఆయన భార్య మాకు నూలు కండెలు చుట్టిపెట్టేది. ఆమెకు అప్పటికి ఒళ్లో ఆడపిల్ల. ఒక తొడ మీద తన బిడ్డను, రెండో తొడ మీద నన్ను వేసుకుని ఇద్దరికీ పాలిచ్చింది. నాకు మాటలొచ్చే వేళకు ఇంట్లో ఉన్నామె అవ్వ, గల్లీలో ఉన్నామె అమ్మీ. ఆమె బిడ్డ నాకు అక్క.

వాళ్ల ధర్మంలో పాలు తాగినవాడు కన్నకొడుకుతో సమానం. అక్కకూ నాకూ పెళ్లి కూడదు, నా ముందు ఆమెకు పర్దా లేదు. పర్దా మాట చెప్పేటప్పుడు అమ్మీ నవ్వేది. ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్లకు ఎవరి ముందూ పర్దా లేదు. కండెలు చుట్టే ఆడవాళ్లకు, బీడీలు చేసే ఆడవాళ్లకు బుర్ఖా ఎక్కడిది? అది పెద్ద ఉద్యోగాలవాళ్ల ఇళ్లలోని మాట. అమ్మీ కట్టేదీ అవ్వ కట్టేదీ బాపు నేసిన చీరలే. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో బాపుకే తెలిసేది కాదు. ఒకసారి అమ్మీని అవ్వ అనుకుని "పొయ్యి మీద కూర మాడుతుంది, ముక్కు పనిజేస్తలేదా" అని కసిరి, ఆ తర్వాత చాలా రోజులు ఆమెకు ఎదురుపడకుండా తిరిగాడు. అమ్మీ మాత్రం ఊరుకోలేదు. కండెలు ఇచ్చి పోయేటప్పుడల్లా "అన్నా, కూర సూసుకోమను" అని వినబడేటట్టు అని పోయేది.

హైదరాబాదు రాజ్యం చివరి ఏడాది తుపాకుల మూక ఒకటి మా ఊరి మీద పడింది. మా ఇంట్లో నూలంతా తగలబెట్టారు. మా చిన్నాయనను పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. ఊళ్లో మావాళ్లు పండుగ చేసుకున్నారు. ఆ పండుగ రోజుల్లోనే టాంగా ఆయన పెద్దపల్లి స్టేషనుకు పోయి, ఆయన కూడా తిరిగి రాలేదు. గుర్రం ఒక్కటే వచ్చింది. అవ్వ పోయి అమ్మీని, అక్కను మా మగ్గాల అర్రలోకి తెచ్చుకుంది. ఇద్దరి నుదుటా తన చేత్తో బొట్టు పెట్టింది. బాపు గడప మీద కూర్చుని, వచ్చి అడిగినవాళ్లకు తన చెల్లె, మేనగోడలు వచ్చారని చెప్పి పంపించాడు. బాపు జన్మలో ఆడిన అబద్ధాలలో నేనెరిగినంత వరకు అదే పెద్దది.

రెండిళ్లలోనూ ఒక్కొక్క మనిషి తగ్గాడు. బాపు ఇద్దరినీ కలిపే తలుచుకునేవాడు. నేను ఒక్కరినే తలుచుకున్నాను.

బుర్ఖా అప్పుడు వచ్చింది. ఊరు విడిచి హైదరాబాదుకు పోతున్న ఒక ఉద్యోగి భార్య తన నల్ల బుర్ఖాను అమ్మీకి ఇచ్చిపోయింది. బజారులో ఆ గల్లీ ఆడవాళ్లను పోల్చుకుని మాటలనేవాళ్లు ఎక్కువైన కాలం. ఊరు దాటి పోవలసి వచ్చిన మనిషి ఆ బుర్ఖా వేసుకుని పోయేది. తిరిగి రాగానే దులిపి, వేపాకు పెట్టి అమ్మీ సందూకలో పెట్టేది. పొడుగు మనిషికి అది పిక్కల మీదికి వచ్చేది, పొట్టి మనిషికి నేల ఊడ్చేది. అవ్వ దాన్ని బుర్ఖా అనేది కాదు, గల్లీ గొడుగు అనేది. వాన ఎవరి మీద పడితే వాళ్లు పట్టుకుపోతారని. ఒకసారి బస్సులో మేకు తగిలి దాని అంచు చినిగింది. అవ్వే అతుకు వేసింది. నా మగ్గం మీద మిగిలిన నీలి గుడ్డ ముక్క, సన్నని తెల్ల చారలది.

సైన్యం వచ్చిన రెండేళ్లకు, బోథ్ దిక్కు నుంచి పత్తి బేరానికి వచ్చిన ఒక పెద్దమనిషి మా ఊళ్లో తాలీం పెట్టాడు. పొద్దున్నే దండీలు, బస్కీలు, కర్రసాము. ఒళ్లు తుడుచుకున్నాక ఆయన మాట్లాడేవాడు. ఆయన తెలుగులో మరాఠీ తగిలేది, మాట తియ్యగా ఉండేది. మొదటి వారంలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మా చిన్నాయన గురించి అడిగాడు. మనిషి ఎట్లా ఉండేవాడు, ఏం పాడేవాడు, ఏది ఇష్టంగా తినేవాడు అని. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే అవ్వ లేచిపోయేది, బాపు మగ్గంలోకి దిగేవాడు. అట్లా అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను ఏడ్చాను. ఆయన నా వీపు నిమిరాడు. ఆ తర్వాత ఆయన ఏది చెప్పినా నాకు అది చిన్నాయన చెప్పినట్టే వినబడింది.

ఆయన చెప్పింది ఇది. చిన్నాయనను పట్టుకుపోయినవాళ్లు ఎక్కడికీ పోలేదు, బుర్ఖాలు కప్పుకుని ఊరూరా తిరుగుతున్నారు. "మొకం దాసుకునేటోడు మంచోడైతడా, భావూ?" అనేవాడు. నేను ఆలోచించలేదు. అమ్మీ ఇంటికి పోవడం మానేశాను. అక్కడి నుంచి వచ్చిన తినుబండారం ముట్టడం మానేశాను. అమ్మీ కండెలు తెస్తే తల ఎత్తకుండా అందుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె రావడం ఆపింది. అవ్వే నూలు తీసుకుని అక్కడికి పోయేది. పోతే నేను కేకలు వేసేవాణ్ణి. బాపు ఒక్కసారే అన్నాడు.

"పాలు తాగిన నోరు గది, బిడ్డా. జర సంబాళించుకో."

ఆ మాటకు నేను ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాను. మా ఇంట్లో అమ్మీ పేరు తలవడం అట్లా బందయింది. అందుకే ఆమె కడుపులో గడ్డ లేచిన సంగతీ, కరీంనగర్ దవాఖానలో చేర్చిన సంగతీ నాకు తెలియలేదు. దవాఖాన తిండి ఆమెకు దిగేది కాదు. గల్లీ ఆడవాళ్లు వంతులు వేసుకుని రోజూ జావ కాచి తీసుకుపోతున్నారు. మనుషులు చాలామంది, బుర్ఖా ఒక్కటే.

బస్సు అడ్డా మీద కన్నేసి ఉంచే పని తాలీం నాకు అప్పగించింది. ఒక పొద్దున నీలి అతుకున్న బుర్ఖా ఒకటి కరీంనగర్ బస్సు ఎక్కింది. పొడుగు మనిషి. మర్నాడు అదే అతుకు, మనిషి పొట్టి. ఇంకో రోజు అదే అతుకు, తల వంచుకుని గబగబా పెద్ద అంగలు వేస్తూ, నేను నిలబడ్డ చోటుకు దూరంగా చుట్టు తిరిగిపోయింది. ఆడదాని నడక కాదనుకున్నాను. ఈ సంగతి ఆ గల్లీలో ఏ ముసలమ్మకు చెప్పినా బోసినోటితో నవ్వి ఉండేది. నేను తాలీంలో చెప్పాను. ఒకే బుర్ఖాలో రోజుకో మనిషి పోతున్నాడని చెప్పాను. పెద్దమనిషి నా భుజం తట్టాడు.

మర్నాడు బస్సు బయలుదేరబోతుండగా నీలి అతుకు వచ్చింది. చేతిలో గుడ్డలో కట్టిన గిన్నె. మావాళ్లు నలుగురు దూరంగా నిలబడ్డారు. నేను మెట్టుకు అడ్డం పోయి, మొహం చూపెట్టి ఎక్కమన్నాను. ఆ మనిషి ఆగింది. జాలీ వెనక నుంచి నన్నే చూస్తున్నట్టు తెలుస్తోంది. ఆ చూపుకు నాకు కోపం వచ్చింది. చెయ్యి పెట్టి ముసుగు పైకి లాగేశాను.

అక్క.

అరవలేదు. చిన్నప్పుడు నేను ఆమె చేతిలో బెల్లం ముక్క గుంజుకున్నప్పుడు అన్నట్టే, మెల్లగా అన్నది:

"నీ ముందట నాకు పర్దా ఎన్నడున్నది, తమ్మీ? అడిగితె నేనే తీస్తుంటి గద."

నేను వెనక్కి జరిగాను. మడమ రాయికి తగిలి పడ్డాను. నుదురు బస్సు మెట్టు ఇనుపంచుకు కొట్టుకుంది. నన్ను పట్టుకుందామని అక్క గిన్నె వదిలేసింది. జావ నేల పాలయింది. నా మొహం దగ్గరే ఆమె బుర్ఖా అంచు. ఆ నీలి గుడ్డ, తెల్ల చారలు, నా మగ్గం పోగు. ఇన్ని రోజులు దాన్ని గుర్తుగా చూశాను గానీ గుడ్డగా చూడలేదు. సాలెవాణ్ణి.

అడ్డా పక్కనే వేపచెట్టు కింద అమ్మీ మేనల్లుడు సైకిళ్లు బాగుచేసేవాడు. నాకంటే చిన్నవాడు. అందరికంటే ముందు అతనే ఉరికివచ్చాడు. నన్ను లేపి కూర్చోబెట్టి, భుజం మీది తువ్వాల నా నుదుటికి అదిమిపట్టాడు. తాలీంవాళ్లు వచ్చేసరికి అతని చెయ్యి నా తల మీద ఉంది, చేతినిండా నెత్తురు ఉంది. ఎవరో "కొట్టిండు" అన్నారు. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. కాదనడానికి ఒక్క మాట చాలు. నేను కళ్లు మూసుకున్నాను.

అతన్ని కొట్టుకుంటూ ఠాణాకు తీసుకుపోయారు. కొన్ని రోజులకు విడిచిపెట్టారు గానీ, ఆ తర్వాత అతని దగ్గరికి సైకిల్ తెచ్చినవాడు లేడు. సామాను సంచిలో వేసుకుని ఆదిలాబాద్ దిక్కుకు వెళ్లిపోయాడు.

ఇంట్లో అవ్వ నా నుదుటికి పసుపు పెట్టి కట్టు కట్టింది. కట్టాక గోడకు ఆనుకుని కూర్చుని అమ్మీ గడ్డ గురించి, దవాఖాన గురించి, వంతుల గురించి చెప్పింది. చివరికి, నిన్న జావ తీసుకుపోయింది తనేనన్నది.

పెద్ద అంగలు వేస్తూ దూరంగా తిరిగిపోయిన మనిషి నా కళ్ల ముందుకు వచ్చింది. మగ్గాల ఇంట్లో ఎప్పుడూ పరుగుమీద పనిచేసే ఆ నడక నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"నువ్వెందుకు ఏసుకున్నవే అవ్వా, బుర్ఖా?"

"నువ్వు అడ్డ కాడ నిలబడుతున్నవని."

అంతే అన్నది. మా అవ్వ నా భయానికి మొహం దాచుకుంది. ఆ రోజు నుంచి తాలీంకు పోలేదు. నుదుటి దెబ్బ వల్ల మానేశాననుకున్నారు. అదీ దిద్దలేదు.

మర్నాడు జావ నేనే తీసుకుపోయాను. ఏడాదికి పైగా నేను అమ్మీని సరిగా చూడలేదు. మంచంలో పిడికెడు మనిషయింది. నన్ను చూడగానే చెయ్యి చాపి ముందు కట్టు తడిమింది. నొస్తుందా అని అడిగింది. లేదన్నాను. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మావోడు కొట్టిండంటున్నరు, బిడ్డా. నిజమేనా?"

పడ్డానని చెప్పాలంటే అడ్డాలో ఎందుకున్నానో చెప్పాలి. ఎవరి మొహం మీది గుడ్డ లాగానో చెప్పాలి. అక్క ఇంకా ఏమీ చెప్పలేదనుకున్నాను. నేను మంచం పట్టె మీద గోరుతో గీస్తూ ఉండిపోయాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అన్నది:

"కొడితె, వాని తరపున నేను మాఫీ అడుగుతున్న."

నేను చెంచాతో జావ ఆమె నోటి దగ్గర పెట్టాను. తాగింది.

ఆ తర్వాత వంతుల్లో నాదీ ఒకటి అయింది. ప్రతిసారీ జావ తాగించేవాణ్ణి, తల దువ్వేవాణ్ణి, మగ్గం సంగతులు చెప్పేవాణ్ణి. ఆమె ప్రతిసారీ, నేను లేచేటప్పుడు, "ఇంకేమన్న చెప్పేదున్నదా, బిడ్డా?" అనేది. ఏం లేదనేవాణ్ణి. వానలు మొదలయ్యాక పోయింది. పాలకొడుకునని పాడెకు నన్ను భుజం పట్టనిచ్చారు. ఊళ్లో మావాళ్లు కొందరు ముఖం చిట్లించారు. బాపు మాత్రం ఖబరస్తాన్ దాకా నా వెనకే నడిచాడు.

తర్వాతి ఏడాది అక్కకు బోథ్‌లో ఒక దర్జీతో పెళ్లయింది. పెళ్లికి పోయాను, చీర పెట్టాను, అన్నం తిన్నాను. చెప్పవలసింది చెప్పలేదు. అప్పటి నుంచి ఏడాదికో మాట, ఎవరి చేతనో కబురు, అంతే.

మొన్నటి లగ్గంలో ఆ పిల్లలు నా మచ్చను చూసిన చూపు నాకు తెలిసిన చూపే. తాలీంలో నేను అట్లాగే చూసేవాణ్ణి. వాళ్లలో ఒకడు, ఇప్పటికీ వాళ్లను నమ్మరాదు గదా మామా, అని అడిగాడు. మరునాడే బోథ్ బస్సు ఎక్కాను.

అక్క చీరకొంగు నడుముకు చెక్కి జొన్నరొట్టెలు కొడుతోంది. తల సగం తెల్లబడింది. మాటలో మరాఠీ దూరింది. నన్ను చూసి, రొట్టె మాడుతుంది ఆగు అని, దాన్ని తిప్పి, అప్పుడు లేచి వచ్చింది. తిన్నాక చెప్పాను. అంతా వరసగా చెప్పాను. ఆమె నన్ను ఆపకుండా విని, పళ్లెం తీస్తూ అన్నది.

"నేను ఆడనే ఉంటిగద, తమ్మీ. నువ్వు పడ్డది నాకు కనబడలేదా?"

మరి అమ్మీకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవరన్నరు చెప్పలేదని? గా దినమే పగటి మోటర్ల పోయి అంత చెప్పిన."

నేను జావ తీసుకుపోవడానికి ముందురోజే అమ్మీకి అంతా తెలుసు. తెలిసే అడిగింది. తెలిసే మాఫీ కోరింది.

"నీ నోట వినాలనుకున్నది," అన్నది అక్క. "నువ్వు వచ్చిపోయినప్పుడల్లా ఒకటే మాట. ఇయ్యాల చెప్పలే, రేపు చెప్తడు తీ, అని."

అక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి, పిండి చెయ్యి అంటింది, దులుపుకో అన్నది. తర్వాత మేకుకు ఉన్న బుర్ఖా తీసి వేసుకుంది. ఇది ఆమె సొంతం, కొలతకు కుట్టింది. బజారుకు పోదాం పద, వాడు ఇక్కడే ఉన్నాడు అన్నది. దారిలో నాతో మాట్లాడాలనిపించినప్పుడల్లా ముసుగు ఎత్తి మాట్లాడింది, అయ్యాక దించుకుంది.

అమ్మీ మేనల్లుడి దుకాణం బజారు చివర. అతని జుట్టూ నెరవడం మొదలైంది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తున్నాడు. నన్ను చూడగానే అతని చూపు ముందు నా కనుబొమ్మ మీదికి పోయింది. దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను. అతను ట్యూబు తిప్పుతూనే ఉన్నాడు. చిల్లు దొరికింది. దాని మీద వేలు పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"గిది చెప్పనీకి సుల్తానాబాద్ నుంచి గింతదూరం వచ్చినవా?"

అవునన్నాను.

"నాకెందుకు చెప్తవన్నా? నేను కొట్టలేదని నాకు ఎర్కలేదా? మీ ఊరోళ్లకు చెప్పు."

చాయ తెప్పించాడు. అతుకు వేసే పని పూర్తి చేశాడు. వేపచెట్టు ఉందా అని అడిగాడు. ఉందని, దాని కింద ఇప్పుడు ఎవరో చాయ బండి పెట్టారని చెప్పాను. మంచి జాగ, నీడ పొద్దంతా ఉండేది, అన్నాడు. ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాను.

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు. "ఆళ్లు విన్నంక వస్త."

నన్ను ఎవరూ కొట్టలేదు. నేను మా అక్క మొహం మీది గుడ్డ లాగి, వెనక్కి జరిగి, పడ్డాను. నన్ను లేపినవాణ్ణి మా ఊరు కొట్టింది. సుల్తానాబాద్‌లో ఇది చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పండి. ఆ పిల్లలకు ముందు చెప్పండి. అతను వస్తానన్నాడు.